సిగ్గు దాచిన నొప్పి



ఈ నెల మనం ఆలోచించబోయే విషయం ఆలయంలో గాని, ఇంట్లో భోజనాల దగ్గర గాని సాధారణంగా వినబడేది కాదు. మగపిల్లల వృషణాలలో ఉన్నట్టుండి వచ్చే తీవ్రమైన నొప్పి గురించీ, అరుదుగా ఆ నొప్పి వెనుక దాగి ఉండే మాదక ద్రవ్యాల అలవాటు గురించీ వ్రాస్తున్నాను. కొందరికి ఈ పేజీ తిప్పేయాలనిపించవచ్చు. దయచేసి తిప్పకండి. మీ ఇంట్లో ఎదిగే కుమారుడు ఉంటే, లేదా అన్నదమ్ముల పిల్లలు ఉంటే, ఇది మీరు చదివి తీరవలసిన విషయం.

దేహంలో కొన్ని భాగాల పేరెత్తడానికి మనం సిగ్గుపడతాం. కాని వాటినీ చేసినవాడు దేవుడే. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో దేహంలోని అవయవాలను గురించి చెబుతూ, మనం తక్కువగా ఎంచే భాగాలనే ఎక్కువ జాగ్రత్తగా కప్పి కాపాడుకుంటాం అనే భావాన్ని మన ముందుంచాడు. కప్పి కాపాడుకోవడం మర్యాద. అయితే అక్కడ ప్రమాదం వచ్చినప్పుడు కూడా నోరు కట్టుకొని కూర్చోవడం మర్యాద కాదు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

ఆరు గంటల గడువు

వృషణాలు రెండూ తాడు వంటి ఒక కట్టకు వ్రేలాడుతూ ఉంటాయి. ఆ కట్టలోనే రక్తనాళాలు, నరాలు, వీర్యనాళం ఉంటాయి. కొందరు పిల్లలకు పుట్టుకతోనే వృషణం లోపల సరిగా అతుక్కొని ఉండదు. గంటలోని నాలుకలాగా అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. అలాంటి వారిలో ఒక్కోసారి ఆ కట్ట మెలిపడుతుంది. బావి చేద తాడు మెలిపడినట్లే. మెలి పడగానే రక్తం వెళ్ళడం ఆగిపోతుంది. డాక్టర్లు దీనిని 'టార్షన్' అంటారు.

ఇది ఎక్కువగా 12 నుండి 18 సంవత్సరాల మధ్య వయస్సు వారికి వస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డలకూ రావచ్చు. 25 ఏళ్ళ లోపు మగవారిలో సంవత్సరానికి సుమారు 4,000 మందిలో ఒకరికి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతున్నాయి. ఆటలో దెబ్బ తగిలినప్పుడు రావచ్చు. ఏ కారణం లేకుండా నిద్రలో ఉండగానే రావచ్చు. నొప్పి ఒక్కసారిగా మొదలవుతుంది. వాంతులు అవుతాయి. ఒక వృషణం రెండవదానికంటే పైకి లాగినట్లు కనబడుతుంది. ముట్టుకోనివ్వరు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటే. నొప్పి మొదలైన 6 గంటల లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పగలిగితే నూటికి 90 మందికి పైగా ఆ వృషణం దక్కుతుంది. ఆలస్యమయ్యే కొద్దీ ఆ ఆశ తగ్గుతూ పోతుంది. 24 గంటలు దాటితే దక్కేది బహు కొద్దిమందికే. అప్పుడు దానిని తీసివేయడం తప్ప సర్జన్‌కు వేరే దారి ఉండదు.

ఆ ఆరు గంటలు మన ఇళ్ళలో ఎలా గడుస్తాయో ఒకసారి ఊహించి చూడండి. రాత్రి ఒంటి గంటకు ఒక పదిహేనేళ్ళ కుర్రవాడు నొప్పితో లేస్తాడు. పక్క గదిలో అమ్మా నాన్నా ఉన్నారు. ఎలా చెప్పాలో తెలియక దుప్పటి కప్పుకొని ముడుచుకొని పడుకుంటాడు. మూడు గంటలకు వాంతి అవుతుంది. తల్లి లేచి, "రాత్రి బయట ఏం తిన్నావురా?" అని అడుగుతుంది. "కడుపు నొప్పమ్మా" అంటాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, ఎందుకంటే ఈ నొప్పి పొత్తికడుపులోకి పాకుతుంది. తల్లి వాము నీళ్ళు ఇస్తుంది. తెల్లవారాక వీధి చివరి ఆర్.ఎం.పి. డాక్టరు నొప్పికి ఒక ఇంజెక్షన్ వేస్తాడు. నొప్పి కాస్త తగ్గినట్లుంటుంది. మధ్యాహ్నానికి వాపు చూసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళేసరికి పన్నెండు గంటలు దాటిపోయాయి. ఆ ఇంట్లో ప్రేమ లేక కాదు, డబ్బు లేక కాదు. ఆ గంటలను మ్రింగివేసింది సిగ్గు.

మత్తుకూ ఈ నొప్పికీ సంబంధం ఏమిటి?

ఇలాంటి నొప్పితో వచ్చిన ప్రతివారికీ మెలిపడటమే కారణం కాదు. సూక్ష్మక్రిముల వలన వాపు రావచ్చు. అది సాధారణంగా మెల్లగా మొదలై, జ్వరం, మూత్రంలో మంటతో కలిసి వస్తుంది. యుక్తవయస్సు వచ్చినవారికి గవదబిళ్ళల తరువాత కొద్ది రోజులకు వృషణం వాయవచ్చు. మూత్రపిండంలో రాయి జారినప్పుడు నడుములో పుట్టిన నొప్పి గజ్జలోకి, వృషణంలోకి దిగవచ్చు. డాక్టర్లు ముందుగా వెదికేది వీటినే.

ఇవి కాక బహు అరుదైన కారణం మరొకటి ఉంది. అది మాదక ద్రవ్యాలు. కొకైన్ వాడిన యువకులు సరిగ్గా టార్షన్ వంటి నొప్పితో ఆసుపత్రికి వచ్చిన సంఘటనలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కొకైన్ రక్తనాళాలను బిగదీసి ఇరుకు చేస్తుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది. చిన్న వయస్సులోనే గుండెపోటు, పక్షవాతం తెచ్చేది ఈ గుణమే. అదే బిగింపు వృషణానికి పోయే సన్నని నాళంలో కలిగితే, ఏ మెలీ పడకుండానే రక్తం అందక నొప్పి పుట్టవచ్చు. పైగా అమ్మేవారు ఆ పొడిలో ఏమేమి కలుపుతారో కొనేవాడికి తెలియదు. గొర్రెలకు, పశువులకు నులిపురుగుల మందుగా వాడే లెవమిసోల్‌ను కొకైన్‌లో కలుపుతున్నట్లు అనేక దేశాలలో బయటపడింది. ఆ మందు మనుషుల రక్తనాళాలకు వాపు తెచ్చి, చెవుల చర్మాన్ని నల్లబరచి కుళ్ళజేస్తుంది.

మన పిల్లలు కొకైన్ దాకా ఎక్కడ పోతారులే అనుకుంటారేమో. ఆ మాట కొంతవరకు నిజమే. 2019లో విడుదలైన జాతీయ సర్వే నివేదిక ప్రకారం మన దేశంలో కొకైన్ వాడేవారు బహు తక్కువ. కాని గంజాయి, భంగు వంటివి వాడినవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది. నల్లమందు, హెరాయిన్, ఆ జాతి మాత్రలు వాడినవారు సుమారు 2 కోట్ల 26 లక్షల మంది. వైట్‌నర్, జిగురు వంటివి గుడ్డలో పోసి పీల్చే అలవాటైతే పెద్దలకంటే పిల్లలలోనే ఎక్కువగా ఉందని ఆ నివేదికే చెప్పింది. గంజాయి మనకు దూరపు మాట కాదు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు తగలబెట్టిన గంజాయి సుమారు 2 లక్షల కిలోలు. విశాఖ మన్యం నుండి బయలుదేరే ఆ సరుకు మన కాలేజీల గేట్ల దాకా వస్తున్న సంగతి తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

ఈ పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో దారిలో హాని చేస్తాయి. శుభ్రం లేని సూదితో మత్తు ఎక్కించుకునేవారికి క్రిములు నేరుగా రక్తంలోకి పోయి గుండె కవాటాల మీద కూర్చుంటాయి. చేతుల నరాలు పాడైపోయి గజ్జలో పొడుచుకునేవారికి అక్కడ చీముగడ్డలు కడతాయి. కెటమిన్ అనే మత్తుమందు అలవాటైనవారికి మూత్రాశయం కుంచించుకుపోయి, నిమిష నిమిషానికి మూత్రం, పొత్తికడుపులో భరించలేని నొప్పి వస్తాయి. జిమ్ముల్లో కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్లను చాలామంది మత్తుమందుగా ఎంచరు. కాని అవి వృషణాలను కుదించివేసి, సంతానశక్తిని దెబ్బతీస్తాయి.

మత్తు చేసే మరొక కీడు ఉంది. అది నొప్పిని మరుగు చేస్తుంది. మాత్రల మత్తులో పడి ఉన్న కుర్రవాడికి లోపల వృషణం మెలిపడినా ఆ తీవ్రత తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. చాలాకాలం గంజాయి ఎక్కువగా త్రాగేవారికి విడవకుండా వాంతులు, కడుపునొప్పి వచ్చే జబ్బు ఒకటి ఉంది. కాబట్టి అలాంటి కుర్రవాడు వాంతులతో వస్తే అది ఆ వాంతులో, ఈ మెలిపాటో తెలుసుకోవాలంటే అతడు నొప్పి ఎక్కడుందో చెప్పాలి, ఏమి వాడాడో కూడా చెప్పాలి.

రెండు రహస్యాలు, ఒకే భయం

ఒక నొప్పి ఉన్న చోటు గురించిన సిగ్గు, మరొకటి అలవాటు గురించిన భయం. ఈ రెండూ ఒకే కుర్రవాడిలో కలిసినప్పుడు అతని నోటికి రెండు తాళాలు పడతాయి. ఏదెను తోటలో ఆదాము చెట్ల మధ్య దాగినదీ ఇలాంటి భయంతోనే. దేవుడు అతనిని వెదుకుతూ వచ్చి, ఎక్కడున్నావని అడిగాడు. ఎక్కడున్నాడో దేవునికి తెలియక కాదు. దాగినవాడు బయటికి రావాలి కాబట్టి అడిగాడు.

మార్కు సువార్త 5వ అధ్యాయంలోని స్త్రీని జ్ఞాపకం చేసుకోండి. పన్నెండు సంవత్సరాలు రక్తస్రావంతో బాధపడింది. అది కూడా పదిమందిలో చెప్పుకోలేని జబ్బే. గుంపులో వెనుకగా వచ్చి, ఎవరికీ తెలియకుండా ప్రభువు వస్త్రం ముట్టి వెళ్ళిపోదామనుకుంది. కాని ప్రభువు ఆగాడు. ఆమె వణుకుతూ వచ్చి ఆయన ముందు సాగిలపడి ఉన్న నిజమంతా చెప్పింది. ఆయన ఆమెను కుమారీ అని పిలిచి సమాధానంతో పంపించాడు. నిజం చెప్పినందుకు ఆమె నలుగురిలో అవమానం పాలు కాలేదు. దాచుకున్న కాలమంతా ఆమెకు దక్కని సమాధానం చెప్పిన ఘడియలో దక్కింది.

డాక్టరు గదిలో కూడా ఉన్న నిజమంతా చెప్పాలి. ఎందుకంటే డాప్లర్ స్కానింగ్‌లో వృషణానికి రక్తం పోవడం లేదని తెలిసినా, ఎందుకు పోవడం లేదో కొన్నిసార్లు రోగి నోటి మాటే చెప్పగలదు. ఇంకొక ముఖ్యమైన కారణం ఉంది. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు ఈ సంగతి తెలియకపోతే ప్రమాదం. కొకైన్ వంటివి ఒంట్లో ఉండగా మత్తు ఇస్తే గుండె లయ తప్పవచ్చు, రక్తపోటు ఒక్కసారిగా పెరగవచ్చు. గంజాయి అలవాటున్నవారికి మామూలు మోతాదు చాలకపోవచ్చు. డాక్టరు ఆ ప్రశ్న అడిగేది పోలీసులకు పట్టివ్వడానికి కాదు, ప్రాణం కాపాడడానికి. రోగి రహస్యాన్ని కాపాడడం వైద్యవృత్తి ధర్మం. కుర్రవాడు మీ ముందు చెప్పలేకపోతే, తల్లిదండ్రులారా, కాసేపు మీరు గది బయట నిలబడండి. అది మీకు అవమానం కాదు.

తల్లిదండ్రులకు ఒక మనవి

పెద్దలు సాధారణంగా రెండు తప్పులు చేస్తారు. మొదటిది, తమ బిడ్డ అలాంటివాడు కాదనే నమ్మకంతో అడగకపోవడం. ఆదివారం పాటల బృందంలో నిలబడే కుర్రవాడిని కూడా అడగండి. అడగడం అనుమానించడం కాదు. రెండవ తప్పు మరింత బాధాకరమైనది. అలవాటు ఉన్న సంగతి ఇంట్లో తెలిసిపోయిన తరువాత ఆ కుర్రవాడి ఏ మాటా నమ్మకపోవడం. "నొప్పి లేదు, ఏమీ లేదు, డబ్బుల కోసం వేషాలు" అని తలుపు వేసుకోవడం. ఎన్నోసార్లు మోసపోయిన తండ్రికి ఆ కోపం రావడం సహజమే. కాని వ్యసనంలో ఉన్నవాడి దేహానికి కూడా నొప్పి నిజంగానే పుడుతుంది, మెలి నిజంగానే పడుతుంది. వందసార్లు అబద్ధం చెప్పినవాడు నూటొకటోసారి నిజం చెబుతూ ఉండవచ్చు. ఆ విచారణ ఆసుపత్రిలో డాక్టరు చేస్తాడు. మన పని అక్కడికి చేర్చడం.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తండ్రి, కుమారుడు ఇంకా దూరంగా ఉండగానే చూచి పరుగెత్తాడు. ఆస్తి ఏమి చేశావని దారిలో ఆపి లెక్కలడగలేదు. లెక్కలకు తరువాత సమయం ఉంటుంది. కుమారుడు ఒప్పుకోవడానికి తెచ్చుకున్న మాటలు పూర్తి కాకముందే తండ్రి మంచి వస్త్రం తెమ్మన్నాడు. అర్ధరాత్రి మీ కుమారుడు తలుపు తట్టి చెప్పరాని చోట నొప్పి అన్నప్పుడు, దానితోపాటు మీరు వినకూడదనుకున్న ఇంకొక మాట కూడా అన్నప్పుడు, మీరు చేయవలసిందీ అదే. ముందు పరుగెత్తండి.

ఇంకొక మాట. కొందరు విశ్వాసులు ఇలాంటి సమయంలో ముందుగా పాస్టరుగారికి ఫోన్ చేసి, ఆయన వచ్చి ప్రార్థన చేసేవరకు ఎదురుచూస్తారు. ఒక సంఘకాపరిగా చెబుతున్నాను. ఫోన్ చేయండి, కాని ఆటో ఎక్కిన తరువాత చేయండి. మీరు దారిలో ఉండగా మేము మోకాళ్ళమీద ఉంటాం. మంచి సమరయుడు గాయపడినవానికి నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు. అతడు చేసిన ఆ పనులన్నీ ప్రేమే. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. వైద్యం విశ్వాసానికి శత్రువు కాదు.

ఆసుపత్రి తరువాత

నొప్పి తగ్గి ఇంటికి వచ్చినంత మాత్రాన పని పూర్తికాదు. టార్షన్ అయితే రెండవ వృషణం కూడా మెలిపడకుండా డాక్టర్లు కుట్లు వేసి నిలుపుతారు. ఒకవేళ ఒకటి తీసివేయవలసి వచ్చినా, మిగిలినది ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా వివాహానికి, సంతానానికి అడ్డు ఉండదు. ఈ మాట ఆ కుర్రవాడికి డాక్టరు చేత చెప్పించండి. చెప్పించకపోతే అతడు లోలోపల కుమిలిపోయి, మళ్ళీ మత్తు దగ్గరికే పోవచ్చు.

మత్తు కారణంగా నొప్పి వచ్చినదైతే, దేవుడు ఆ నొప్పిని హెచ్చరికగా వాడుకున్నాడని నేను నమ్ముతాను. దాగి ఉన్నది ఇప్పుడు వెలుగులోకి వచ్చింది. ఇక దానిని మళ్ళీ కప్పిపెట్టకండి. వ్యసనం ఒక్క తిట్టుతో పోదు, ఒక్క ప్రార్థన కూటంతో పని అయిపోయిందనుకోకూడదు. అది మెదడును పట్టుకునే జబ్బు కూడా. మానసిక వైద్యుడు, కౌన్సెలింగ్, కొందరికి మందులు అవసరం. చట్టానికి భయపడి చికిత్సకు వెనుకాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు తానై ముందుకు వచ్చి, ప్రభుత్వం గుర్తించిన చోట చికిత్స పూర్తి చేసుకుంటే అతనికి విచారణ నుండి రక్షణ ఇస్తుంది. వ్యసన విముక్తికి సలహాల కోసం 14446 అనే ఉచిత జాతీయ ఫోన్ నంబరు ఉంది.

సంఘానికి కూడా ఇందులో పాలుంది. ఒక కుటుంబం తమ కుమారుని సంగతి చెప్పుకున్నప్పుడు, ప్రార్థన మనవి పేరుతో దానిని ఊరంతా చాటకుండా ఉండడం మన మొదటి సేవ. యౌవనస్థుల కూటాలలో సంవత్సరానికి ఒక్కసారైనా ఒక డాక్టరును పిలిపించి, మగపిల్లలకు వేరుగా, ఆడపిల్లలకు వేరుగా దేహాన్ని గురించి చెప్పించడం మరొకటి. జూన్ 26 మాదక ద్రవ్యాల వ్యతిరేక దినం. దానికి దగ్గరి ఆదివారాన్ని ఇందుకు వాడుకోవచ్చు.

గుర్తుంచుకోండి

మగపిల్లవాడు పొత్తికడుపులో నొప్పి అన్నప్పుడు, "కింద కూడా నొప్పిగా ఉందా నాన్నా?" అని మెల్లగా అడగండి.

వృషణంలో నొప్పి ఉన్నట్టుండి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. సర్జన్ ఉన్న ఆసుపత్రి క్యాజువాలిటీకి వెంటనే బయలుదేరండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి.

కాపడం పెట్టి, నొప్పి మాత్ర వేసి తగ్గుతుందేమోనని చూడవద్దు. నొప్పి తానే తగ్గిపోయినా చూపించవలసిందే.

ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి దారిలో అన్నం, టీ, నీళ్ళు ఇవ్వవద్దు.

నొప్పి ఏ సమయానికి మొదలైందో, ఏమేమి వాడాడో దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత మీ కుమారుని పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క మాట చెప్పండి: "నీకు ఎక్కడ నొప్పి వచ్చినా, ఏ తప్పు చేసి ఉన్నా, ఎంత రాత్రి అయినా, మమ్మల్ని లేపు. ముందు నిన్ను ఆసుపత్రికి తీసుకువెళ్తాం. మిగిలినవి తరువాత మాట్లాడుకుందాం." ఈ మాట ముందుగా విని ఉన్న బిడ్డ ఆ రాత్రి దుప్పటి కప్పుకొని పడుకోడు. లేచి వచ్చి మీ తలుపు తడతాడు.

దాగినవారిని వెదకి పిలిచే దేవుడు మీ కుమారులను, మీ గృహాలను కాపాడును గాక. ఆమేన్.